స్వర్ణముఖీ నది: కొండ మొదలు కడలి వరకు

శ్రీకాళహస్తి క్షేత్రమును దర్శించిన వారికెల్లరకును స్వర్ణముఖీ నది పరిచితమే. ఆలయ ప్రాకారమునకు పడమటి ప్రక్కగా ఉత్తర దిశకు సాగిపోవు ఈ ఏటిని యాత్రికులు పుణ్యతీర్థముగా భావింతురు. కాని ఆ ఇసుకదారి ఎచట పుట్టి, ఏయే గ్రామసీమలను తడిపి, ఎచట ఉప్పునీటితో కలియుచున్నదో ఆలోచించువారు కొలదిమంది మాత్రమే. నదీతీర గ్రామ పంచాయతీల సభ్యులకు ఈ విషయము తెలిసియుండుట అవసరము. ఏలయన ఒక ఊరివారు ఏటిలో చేయు పనికి ఫలము తరచుగా దిగువనున్న మరియొక ఊరివారు అనుభవింపవలసి వచ్చుచున్నది.

నది నడక

తూర్పు కనుమల శ్రేణిలో పాకాల సమీపమునగల కొండలయందు స్వర్ణముఖి పుట్టుచున్నది. దీని పొడవు సుమారు 130 కిలోమీటర్లు. గోదావరి 1,465 కిలోమీటర్ల దూరము ప్రవహించునని తలచినచో ఇది ఎంత చిన్న నదియో బోధపడును. అయినను ఈ స్వల్పదూరములోనే కొండ, మెట్ట, మాగాణి, సముద్రతీరము అను నాలుగు విధములైన సీమలను ఇది దాటుచున్నది.

చంద్రగిరి ప్రాంతమున కొండవాగులను కలుపుకొని, తిరుపతికి దక్షిణముగా తిరుచానూరు మీదుగా నది తూర్పునకు సాగును. భీమా, కల్యాణి అనునవి దీని ఉపనదులు. శేషాచల శ్రేణి నుండి దిగివచ్చు కల్యాణీ నదిపై 1977లో ఆనకట్ట నిర్మింపబడినది. తిరుపతి, తిరుమలల త్రాగునీటికి అది ఒక ఆధారము. అటుపిమ్మట నది ఈశాన్యముగా తిరిగి, గుడిమల్లము, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా పోయి, వాకాడు, కోట ప్రాంతముల దిగువ బంగాళాఖాతమున కలియుచున్నది.

2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి జిల్లా ఏర్పడువరకు ఈ నది చిత్తూరు, నెల్లూరు జిల్లాలకు ఉమ్మడి ఆస్తిగా నుండెను. ఎగువ భాగము చిత్తూరువారిది, దిగువ భాగము నెల్లూరువారిది. జిల్లాల సరిహద్దులు మారవచ్చును గాని, నీటికి సరిహద్దులు లేవు. పాకాల కొండలలో కురిసిన వాన వాకాడు పొలములకు చేరవలసినదే.

ఈ ఏరు జీవనది కాదు. కొండలపై మంచు లేదు, ఎల్లకాలము ఊరు పెద్ద ఊటలును లేవు. వానయే దీనికి ఆధారము. ఈ సీమలో నైరుతి ఋతుపవనములు కొంత వర్షమిచ్చినను, ఆశ్వయుజ కార్తిక మార్గశిర మాసములలో వచ్చు ఈశాన్య ఋతుపవనములు, వానితోడి వాయుగుండములు, తుపానులే ఏటిని నింపును. అందుచే సంవత్సరములో అధికభాగము ఇసుక కనిపించుటయు, కొలది దినములు మాత్రము గట్లు ఒరసికొని నీరు పారుటయు దీని స్వభావము. ఏడాది అంతటికిని కావలసిన నీటిని ఆ కొలది దినముల వరద నుండియే మనము నిలువచేసికొనవలెను.

తీరమున చరిత్ర

ఏరు చిన్నదైనను దాని ఒడ్డున జరిగిన చరిత్ర చిన్నది కాదు. పాపానాయుడుపేట సమీపమున, నది ఒడ్డుననున్న గుడిమల్లములోని పరశురామేశ్వరాలయ శివలింగము భారతదేశములోని మిక్కిలి ప్రాచీన శివలింగములలో ఒకటి. పలువురు పండితులు దానిని క్రీస్తుపూర్వపు శతాబ్దముల నాటిదిగా భావించుచున్నారు. లింగము ముందుభాగమున నిలిచియున్న పురుషమూర్తి చెక్కబడియుండుట దాని విశేషము. అరువది సంవత్సరముల కొకమారు అచటి గర్భగృహమున నీరు ఊరునని స్థానికుల విశ్వాసము. నమ్మకము మాట ఎట్లున్నను, ఏటి ఇసుకకును ఒడ్డు నేలకును లోలోపల నీటిసంబంధము కలదని ఈ ప్రాంతీయులు ఎన్నడో గుర్తించియుండిరి. పాపానాయుడుపేట గాజుపూసల తయారీకి పేరుగన్న ఊరు.

శ్రీకాళహస్తి పంచభూత క్షేత్రములలో వాయులింగ స్థానము. అగస్త్య మహర్షి తపస్సుచే స్వర్ణముఖి భూమికి దిగివచ్చెనని స్థలపురాణము చెప్పును. తమిళులు దీనిని పొన్‌ముగలి అందురు. తెలుగున మొగలేరు అను పేరును కలదు. ఇచట నది ఉత్తరవాహిని అగుటచే దీనికి విశేషమైన పవిత్రత లభించినది. పల్లవులు, చోళులు, విజయనగర రాజులు ఈ ఆలయమును పోషించిరి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో ఇచట ఎత్తైన గాలిగోపురమును కట్టించెను. అచ్యుతదేవరాయల పట్టాభిషేకము 1529లో ఈ క్షేత్రముననే జరిగినది. రాయల ఆస్థానకవి యగు ధూర్జటి కాళహస్తీశ్వరునిపై మాహాత్మ్యమును, శతకమును రచించెను. రాయలు కట్టించిన ఆ గోపురము 2010 మే 26వ తేదీన కూలిపోయినది. దాని స్థానమున క్రొత్త గోపురము నిర్మింపబడి, 2017లో ప్రతిష్ఠ జరిగినది.

చెన్నపట్టణపు పుట్టుకతోను ఈ నదికి సంబంధమున్నది. నదీముఖమునకు దక్షిణముగా, సముద్రతీరమున నున్న దుగరాజపట్నములో ఆంగ్ల వర్తకులు 1626 ప్రాంతమున వర్తకస్థానమును నెలకొల్పిరి. దానిని వారు ఆర్మగాన్ అనిరి. అచటి అధికారిగానున్న ఫ్రాన్సిస్ డే 1639లో కాళహస్తి సీమతో సంబంధముగల దామెర్ల వంశపు నాయకుల వలన చెన్నపట్టణ స్థలమును పొందెను. ఆ నాయకుల తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే చెన్నపట్టణము వెలసినదని ప్రసిద్ధి. అప్పటి విజయనగర ప్రభువులు చంద్రగిరి కోటనుండి పాలించుచుండిరి. అనగా ఈ ఏటి ఎగువనున్న చంద్రగిరి, నడుమనున్న కాళహస్తి, దిగువనున్న దుగరాజపట్నము, ఈ మూడును ఒక మహానగరపు పుట్టుకలో పాలుపంచుకొన్నవి.

నది నీరు చేతిపనిని కూడ పోషించినది. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రము కలముతో వ్రాయబడును. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెట్టుట, బెల్లము, తుప్పుయినుము ఊరవేసిన కసిముతో నల్లగీతలు తీయుట, పటికతో ఎరుపు నిలుపుట, ప్రతి రంగు తరువాతను పారు నీటిలో జాడించి ఇసుకపై ఆరవేయుట, ఇదియంతయు ఈ పనిలోని క్రమము. నిలువనీటిలో జాడించినచో విడిన రంగు మరల గుడ్డకు అంటును. కావుననే ఈ కళకు పారుటేరు కావలెను. క్షీణించుచున్న ఈ విద్యను నిలుపుటకు 1957లో ఇచట శిక్షణ కేంద్రము ఏర్పడినది. ఏటిలో నీరు పారు దినములు తగ్గినకొలది ఈ పనివారు బావులను, గొట్టపుబావులను ఆశ్రయింపవలసి వచ్చుచున్నది.

ఇసుక ఒక చెరువు

స్వర్ణముఖి ఎండినప్పుడు నీరు లేదని అనుకొనుట పొరపాటు. నీరు ఇసుక క్రింద నున్నది. పూర్వులు ఈ సత్యమును చక్కగా ఎరుగుదురు. వేసవిలో స్త్రీలు ఇసుకలో చెలమలు తీసి బిందెలు నింపుకొనెడివారు. రైతులు ఏటి ఇసుకలో వాలుగా ఊటకాలువలు త్రవ్వి, లోపలి నీటిని పొలములకు, చెరువులకు మళ్లించెడివారు. ఏటేట వరదకు పూడిపోవు ఆ కాలువలను ఆయకట్టుదారులు అందరు కలిసి తిరిగి తీసికొనెడివారు. చెరువుకట్ట పనులకు, కాలువల పూడికతీతకు ఇంటికొక మనిషి పోవు ఆచారమును చెన్నరాజధాని కాలమున కుడిమరామత్తు అనిరి. నీరుగట్టివాడు వంతుల ప్రకారము తూములు విడిచెడివాడు.

ఇసుకలో ఎంత నీరుండునో లెక్క వేసి చూతము. ఏటి గర్భమున ఒక కిలోమీటరు పొడవు, 200 మీటర్ల వెడల్పుగల భాగమును తీసికొందము. దానిలో ఒక మీటరు మందపు ఇసుక 2 లక్షల ఘనమీటర్లగును. ముతక ఇసుక తన ఘనపరిమాణములో ఇంచుమించు అయిదవవంతు నీటిని బావులకు విడువగలదు. అనగా 40 వేల ఘనమీటర్లు, లేక 4 కోట్ల లీటర్ల నీరు. జలజీవన పథకము క్రింద గ్రామములలో మనిషికి దినమునకు 55 లీటర్లు ఇవ్వవలెనని నిర్ణయింపబడినది. 2,000 మంది జనాభాగల ఊరికి దినమునకు 1 లక్షా 10 వేల లీటర్లు కావలెను. ఆ 4 కోట్ల లీటర్లు ఇట్టి ఊరికి ఇంచుమించు ఒక సంవత్సరము పాటు చాలును.

కావున ఏటినుండి ఒక మీటరు మందమున ఇసుక ఎత్తివేసినచో, ఒక ఊరి ఏడాది త్రాగునీటి గాదెను ఎత్తివేసినట్లే. వర్షము మరల రాగలదు గాని, నీటిని పట్టియుంచు పాత్రయే లేనప్పుడు ఆ వర్షము సముద్రమునకు పోవును. ఇసుక తగ్గినకొలది నీటిమట్టము దిగును. ఒడ్డు బావులు ఎండును. గొట్టపుబావులు ఇంకను లోతునకు దింపవలసివచ్చును. వంతెనల పునాదులు బయటపడును.

పోటుపాటుల సీమ

సముద్రమునకు చేరువలో ఏటి స్వభావము మారును. ఇచట నీరు ఒకే దిక్కునకు పారదు. చంద్రసూర్యుల ఆకర్షణచే సముద్రము దినమునకు రెండుమారులు పొంగును, రెండుమారులు తగ్గును. పొంగుటను పోటు అనియు, తగ్గుటను పాటు అనియు అందురు. నిన్నటి పోటువేళకంటె నేటి పోటు సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. అమావాస్య, పూర్ణిమలకు పోటు హెచ్చు. అష్టమి దినములకు తక్కువ. ఈ తీరమున పోటుపాటుల భేదము మిక్కిలి పెద్దది కాదు. పెద్దపోటు నాడును సుమారు ఒక మీటరు మాత్రమే. కాని తీరభూమి మిక్కిలి చదునుగా నుండుటచే ఆ మీటరు నీరే ఉప్పుటేరుల ద్వారా చాల దూరము లోపలికి ప్రాకును.

ఉప్పునీరు మంచినీటికంటె బరువైనది. కావున అది పోటువేళ ఏటి అడుగున చీలిక వలె లోపలికి చొచ్చుకొనివచ్చును. పైన మంచినీరు తేలును. ఎగువనుండి ప్రవాహము బలముగా నున్నప్పుడు ఈ చీలిక వెనుకకు త్రోయబడును. ప్రవాహము సన్నగిల్లినప్పుడు ముందుకు సాగును. ఒడ్డు నేలలోపలను ఇదే పోరాటము. తీరమున నేలలోని మంచినీటి మట్టము సముద్రమట్టమునకు ఒక అడుగు పైన నున్నచో, దాని క్రింద సుమారు 40 అడుగుల లోతువరకు మంచినీరు నిలుచునని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. ఆ ఒక్క అడుగును మనము తోడివేసినచో, క్రిందినుండి ఉప్పునీరు అంత మేర పైకి లేచును. ఒకసారి ఉప్పు పట్టిన బావి మరల తీపిగా మారుటకు ఎన్నో వానలు కావలెను. వాకాడు వద్ద స్వర్ణముఖిపై నున్న బారేజి వంటి కట్టడములు నీటిని నిలుపుటయే గాక, ఉప్పును వెనుకకు నెట్టుటకును తోడ్పడును.

నది సముద్రమున కలియు చోటును ఈ తీరపువారు మొగ అందురు. వేసవిలో ప్రవాహము లేనప్పుడు కెరటములు తీరము వెంబడి ఇసుకను తెచ్చి మొగను పూడ్చివేయును. వరద వచ్చినప్పుడు నది ఆ తిన్నెను త్రెంచుకొని పోవును. తిన్నె త్రెగుట ఆలస్యమైనచో వరదనీరు వెనుకకు తన్ని పల్లపు ఊళ్లను ముంచును. తీరము వెంబడి సాగు బకింగ్‌హాము కాలువ 1877–78 నాటి కరవుకాలమున ప్రజలకు పని కల్పించుటకు విస్తరింపబడినది. ఒకప్పుడు పడవలపై ఉప్పు, కట్టెలు, ధాన్యము ఈ కాలువ మీదుగా చెన్నపట్టణమునకు పోయెడివి. అదియును పోటుపాటులకు లోబడిన ఉప్పునీటి కాలువయే.

గడచిన శతాబ్దపు చివరి దశాబ్దమున నెల్లూరు తీరమున రొయ్యల చెరువులు విరివిగా లేచినవి. పలువురకు ఆదాయము కలిగినది. అదే సమయమున ఉప్పునీరు ప్రక్క పొలములకు ఊరి, మాగాణి చవుడు బారుచున్నదని రైతులు మొరపెట్టుకొనిరి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర ప్రాంతపు రొయ్యల పెంపకముపై తీర్పునిచ్చెను. 2005లో పార్లమెంటు తీర జలసాగు ప్రాధికార సంస్థ చట్టమును చేసినది. తీర నియంత్రణ మండల నిబంధనలు సముద్రపు ఒడ్డునకే గాక, పోటుపాటులు తగులు ఏటి ఒడ్డులకును వర్తించును. మిక్కిలి ఎండకాలమున ఏటినీటిలో లీటరునకు సుమారు 5 గ్రాముల ఉప్పుండు చోటువరకు పోటు ప్రభావము కలదని గణింతురు. ఎగువన ప్రవాహము తగ్గినచో ఈ హద్దు లోపలికి జరుగును.

వరద నేర్పిన పాఠము

2021 నవంబరు మాసమున కురిసిన కుంభవృష్టికి స్వర్ణముఖి ఉప్పొంగినది. తిరుపతి వీధులు జలమయమైనవి. వంతెనలు దెబ్బతిన్నవి. తిరుపతి సమీపమునగల రాయలచెరువు కట్టకు గండి పడునేమోయను భయముతో దిగువ గ్రామముల ప్రజలను సురక్షిత స్థలములకు తరలింపవలసి వచ్చినది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మరల ఈ సీమను వానలతో ముంచెత్తినది.

వరద దైవికమే గాని, వరదనష్టము అంతయు దైవికము కాదు. చెరువులు ఒకదాని మరవనీరు మరియొక దానిలోనికి పోవునట్లు గొలుసుగా పూర్వులు కట్టిరి. నడుమనున్న వాగు పూడినచో, లేదా వాగుపై ఇండ్లు వెలసినచో నీరు తన పాతదారిని వెదకుకొనుచు ఊరిలోనికి వచ్చును. తుమ్మచెట్లు పెరిగి బీటలువారిన కట్ట, తలుపు లేని తూము, మట్టితో మూసిన మరవ, ఇవి వరదకు ముందుగనే కంటబడు లోపములు. కార్తికమున తెగు కట్టను జ్యేష్ఠముననే చూడవచ్చును.

పంచాయతీల బాధ్యత

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో చిన్ననీటి వనరులు, నీటి యాజమాన్యము, పరీవాహక ప్రాంతాభివృద్ధి ఒకటి. కావున ఏటి విషయము పంచాయతీకి వెలుపలిది కాదు. నదీతీర పంచాయతీలు ఈ దిగువ విషయములను గ్రామసభలో చర్చించుట మంచిది.

మొదటిది, ఇసుక. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టము క్రింది నియమములు వంతెనలు, ఆనకట్టలు మొదలగు కట్టడములకు 500 మీటర్లలోపల ఇసుక త్రవ్వుటను నిషేధించుచున్నవి. ఊరి అవసరము వేరు, వ్యాపారము వేరు. తమ ఊరి త్రాగునీటి బావి ఏటిలో ఎచట నున్నదో, దాని ఎగువ దిగువల ఇసుక మందము ఎంతయో సభ్యులు స్వయముగా కొలిచి వ్రాసి యుంచవలెను. ఏటేట ఆ కొలతను సరిచూచినచో, తగ్గుచున్నది లేనిది ఎవరు చెప్పకయే తెలియును. లిఖితపూర్వకమైన కొలతతో చేసికొన్న విన్నపమునకు అధికారులయెదుట బలము హెచ్చు.

రెండవది, చెరువుల గొలుసు. తమ చెరువునకు నీరు వచ్చు వాగు, పోవు వాగు ఏ గ్రామములలో నున్నవో పటము గీసికొని, ఆయా పంచాయతీలతో కలిసి వానకాలమునకు ముందే పరిశీలింపవలెను. 1997 నాటి చట్టముచే ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘములను ఇందు కలుపుకొనవలెను.

మూడవది, మురుగు. పట్టణములు, పెద్ద గ్రామములు ఏటిలోనికి విడుచు మురుగు ఇసుకలోనికి దిగి, దిగువ ఊరివారి త్రాగునీటిని చెరచును. మురుగు ఏటిలో పడుచోటికి ముందే గుంటలలో నిలిపి శుద్ధిచేయు ఏర్పాటు కావలెను.

నాలుగవది, ఉప్పు. తీర గ్రామముల పంచాయతీలు కొన్ని బావులను ఎంచుకొని, వేసవిలోను, వరద పిమ్మటను నీటిని పరీక్ష చేయింపవలెను. ఉప్పు హెచ్చుచున్నచో క్రొత్త గొట్టపుబావుల లోతును, సంఖ్యను తగ్గించుకొనుట ఊరి మేలునకే.

ఈ నాలుగు పనులలో ఏదియును ఒక్క ఊరి వలన పూర్తికాదు. ఎగువన పాకాల, చంద్రగిరి గ్రామములవారు కొండవాగులలో నీటిని ఇంకించినచో శ్రీకాళహస్తి బావులు నిండును. శ్రీకాళహస్తి, నాయుడుపేటల నడుమనున్నవారు ఇసుకను కాపాడినచో వాకాడు, కోట ప్రాంతములకు మంచినీరు దిగును. ఆ మంచినీరే ఉప్పును కడలిలోనే నిలుపును. శ్రీకాళహస్తి ప్రాంతమున ఈ పరీవాహక సీమను దాటుచు తెలుగుగంగ కాలువ దూరపు కృష్ణానీటిని చెన్నపట్టణమునకు కొనిపోవుచున్నది. అంత దూరపు నీటికొరకు రెండు రాష్ట్రములు 1983లో ఒప్పందము చేసికొనగలిగినవి. 130 కిలోమీటర్ల ఏటిపై నున్న పంచాయతీలు తమలో తాము ఒక ఒప్పందమునకు వచ్చుట అసాధ్యము కాదు. ఏడాది కొకమారు, వానకాలమునకు ముందు, ఎగువ దిగువ సర్పంచులును సభ్యులును ఒకచోట కూడి, తమ ఇసుక కొలతలను, బావుల మట్టములను, కట్టల స్థితిని ఒకరికొకరు తెలుపుకొన్నచో అదియే మొదటి మెట్టు కాగలదు.